ఆపి అడిగే గడి

రెండు మిషన్లు చూపించి, ఏది మంచిదో చెప్పమని నన్ను అడిగారు. నేను ఒకటి చెప్పాను. అది తప్పు. ఆ తప్పుకి నాకేమీ కాలేదు, రేవు అవతల ఇంకో ఆడమనిషికి అయ్యింది. అందుకే ఇది చెబుతున్నాను. నాకు సంతకం పెట్టడం, బస్సు మీద ఊరిపేరు పోల్చుకోవడం వచ్చు. అంతకుమించి రాదు. నేను నోటితో చెబుతుంటే మా వీధి టీచరమ్మ రాస్తోంది. "మిషను కాదు పిన్నిగారూ, సాఫ్ట్‌వేరు అనాలి" అంటోంది. ఏదో ఒకటి రాయమ్మా. దానికి చక్రాలు లేవు, చప్పుడు లేదు. కానీ మనిషి చేసే పని చేసేస్తుంది కాబట్టి నాకది మిషనే.

మాది నరసాపురం పక్కనే. ఇక్కడ ఆడవాళ్ళం లేసు అల్లుతాం. సన్నటి తెల్లదారం, కొస వంకీ తిరిగిన సూది, అంతే సామాను. బల్ల మీద వేసే గుడ్డ ఒకటి తయారవ్వాలంటే ఒక్క చేతితో అవ్వదు. కొందరు పువ్వులు అల్లుతారు, కొందరు ఆ పువ్వులన్నిటినీ కలిపి అతుకుతారు, మరికొందరు అంచు కడతారు. పువ్వులు ఎవరైనా నేర్చుకుంటారు. అతుకు పని రావాలంటే మాత్రం ఏళ్ళు పడుతుంది. అతుకు ఎక్కడుందో కంటికి తెలియకూడదు. తడిపి ఆరేస్తే ముడుచుకోకూడదు. అటువంటి చెయ్యి ఊరికి ఇద్దరికో ముగ్గురికో ఉంటుంది.

నా పని దారం మొయ్యడం. టౌన్లో లేసు కంపెనీ ఉంది, ఓడల మీద పైదేశాలకి పంపుతారు. అక్కడ దారం, డిజైను కాగితం తీసుకుని ఇటు మూడు ఊళ్ళు, పంటు ఎక్కి గోదావరి దాటి అటు రెండు ఊళ్ళు తిరిగి ఇళ్ళకి పంచుతాను. ఒకింట్లో అయిన పువ్వులు ఇంకో ఇంటికి చేరుస్తాను. అయిపోయిన గుడ్డలు కంపెనీకి తెస్తాను. ఎవరి చెయ్యి బిగువు, ఎవరిది వదులు, ఎవరి కోడలికి నెలలు నిండాయి, ఎవరి కళ్ళు సాయంత్రమైతే మసకేస్తాయి, ఇదంతా నా బుర్రలోనే ఉండేది. ఇరవై ఏళ్ళకు పైగా అలాగే నడిచింది.

అంతకుముందు నేనూ అతుకు పనిదాన్నే. మా ఆయన మండపేటలో మిల్లు పనికి వెళ్ళి జ్వరంతో తిరిగొచ్చాడు, నాలుగో రోజున పోయాడు. అప్పుడు మా ఇంట్లో కంపెనీ దారం రెండు ఉండలు, సగం అతికిన గుడ్డ ఒకటి ఉన్నాయి. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. చావు జరిగిన ఇంట్లో లేసు దారం ఉండకూడదు. మైల ఇంట్లో ప్రతిదాని మీదా పసుపునీళ్ళు పడతాయి కదా, తెల్లదారం మీద పసుపు పడితే ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. అందుకని శవం లేవకముందే దారం మోసే మనిషి పెరటి గుమ్మం దగ్గరికి వస్తుంది. లోపలికి రాదు, పలకరించదు. ఇంట్లోవాళ్ళు సంచీ అందిస్తే పట్టుకుపోయి ఇరుగుపొరుగుకి పంచుతుంది. వాళ్ళు తలా కాస్తా అల్లి ఆ గుడ్డ పూర్తి చేస్తారు. అది చావు ఇంటి మనిషి పేరు మీదే కంపెనీకి వెళుతుంది. ఎవరి చెయ్యి పడిందని కంపెనీ అడగదు, వీళ్ళు చెప్పరు. పెద్దకర్మ అయ్యాక పన్నెండో రోజున మళ్ళీ దారం ఇంటికి వస్తుంది.

నాకప్పుడు దారం తెచ్చే ముసలావిడ పెరటి గుమ్మంలో నిలబడి ఒక్క మాట అంది. "నీ పేరు కదలదే."

నేను ఏడుస్తూ కూడా ఆ మాట విన్నాను. తరవాత ముసలావిడ తన సంచీ నాకే అప్పగించింది. నేను ఎన్ని పెరటి గుమ్మాల్లో ఆ మాట అన్నానో లెక్కలేదు. ఎప్పుడూ అబద్ధం కాలేదు.

రెండేళ్ళ క్రితం కంపెనీ షావుకారు గారి కోడలు పనిలోకి దిగింది. బాగా చదువుకున్న పిల్ల, నోరు మంచిది. ఎవరినీ చులకనగా చూసేది కాదు. కంపెనీలో కాగితాలు, ఫోన్లు, తిరగడాలు ఎక్కువైపోయాయని, ఒక పని అవ్వగానే రెండో పని దానంతట అదే మొదలయ్యేట్టు మిషను పెడతానంది. దానికో శుక్రవారం చూసుకున్నారు. ల్యాప్‌టాప్‌కి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. నేను గోడవారగా బీరువా వెనక నిలబడ్డాను. శుభమా అని మొదలుపెట్టే పనికి నేను ఎదురుగా ఉండటం ఎందుకని. నన్నెవరూ పొమ్మనలేదు. నాకు నేనే.

"పిన్నిగారూ, అక్కడున్నారేంటండి? ఇలా వచ్చి కుర్చీలో కూర్చోండి" అని పిలిచింది కోడలుగారు.

"నేనెందుకండి అమ్మాయిగారూ, తరవాత వస్తానండి."

"మీరు లేకపోతే ఎలాగండి? అసలు మిషను మీరే. మీరు చేసేదే దీనికి నేర్పాలి. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఏం చేస్తారో చెప్పండి. ఒక్కటీ వదలకండి."

చెప్పాను. దారం తూచి తీసుకుంటానండి. అలాగా, అని ఒక గడి గీసింది. పువ్వులవాళ్ళకి ఇస్తానండి. ఇంకో గడి. రెండిటికీ మధ్య గీత. గడువుకి రెండు రోజుల ముందు వెళ్ళి చూస్తానండి. గడి. అవ్వకపోతే ఎందుకవ్వలేదో కనుక్కుంటానండి. అక్కడ గీత రెండుగా చీల్చింది, అయితే ఇటు, అవ్వకపోతే అటు. తెర నిండా గళ్ళూ గీతలూ పరుచుకున్నాయి. చూస్తుంటే మా డిజైను కాగితంలాగే ఉంది. నాకు గర్వంగా కూడా అనిపించింది. నా తలకాయలోది అలా తెర మీద కనబడుతుంటే.

"ఇంకేమైనా ఉందాండి? ఎప్పుడైనా, ఏడాదికొకసారి చేసేదైనా సరే."

ఉంది. నోటి దాకా వచ్చింది. ఎదురుగా కొబ్బరిచిప్పలో నీళ్ళు ఇంకా ఆరలేదు. షావుకారు గారి భార్య అగరొత్తులు తిప్పుతోంది. శుక్రవారం పూట, పసుపు కుంకుమల ముందు, మొగుడు పోయిన నేను నోరు విప్పి చావు మాట ఎలా ఎత్తుతాను? ఇంకోరోజు చెబుదాంలే అనుకున్నాను.

"అంతేనండి" అన్నాను.

ఆ ఇంకోరోజు రాలేదు. ఎప్పుడు వెళ్ళినా ఆ అమ్మాయి ఏదో మంచి పని మొదలుపెడుతూనే ఉండేది.

మిషన్లు రెండు రకాలు పట్టుకొచ్చింది. రెండూ పదిహేను రోజులు వాడి చూసి ఏదో ఒకటి ఉంచుదాం అంది. మొదటిది అద్దె ఇల్లులాంటిది. ఎక్కడో ఉంటుంది, నెలనెలా కట్టాలి, మనం బాగు చేసేదేం ఉండదు. ఎన్ని గళ్ళు నడిస్తే అంత కట్టాలి, అందుకని గళ్ళు తక్కువ పెట్టుకోవాలి. దానికి గొంతు ఉంది. ఫోన్ చేసి మాట్లాడుతుంది. రెండోది సొంత ఇల్లులాంటిది. కంపెనీ మేడ మీద పాత కంప్యూటర్లో ఉంటుంది, ఊరికే వస్తుంది. గళ్ళు ఎన్నైనా పెట్టుకోవచ్చు. కానీ చిల్లు పడితే మనమే పూడ్చుకోవాలి. దానికి గొంతు లేదు, అక్షరాలే. మొదటిది రేవు ఇవతల ఊళ్ళకి పెట్టింది, రెండోది అవతల ఊళ్ళకి.

ఇవతల ఆడవాళ్ళు మొదటిదానికి పడిపోయారు. సరిగ్గా పదింటికి ఫోన్ మోగేది. "నమస్కారమండి. మీ లేసు పనికి ఇంకా రెండు రోజులు గడువు ఉందండి. పని అయిపోతే ఒకటి నొక్కండి. ఇంకా ఉంటే రెండు నొక్కండి. ఉంటానండి" అనేది. ఒక ముసలమ్మ ప్రతిసారీ "మంచిదమ్మా, అన్నం తిన్నావా?" అని అడిగేది. జవాబు రాకపోతే "పాపం, పనిలో ఉన్నట్టుంది" అనేది.

అవతల పని వేరు. కరెంటు పోతే మేడ మీద కంప్యూటరు పడుకునేది. లేచాక నిన్నటివీ మొన్నటివీ మెసేజీలన్నీ ఒక్కసారి గుమ్మరించేది. పైగా ఆ మిషనుకి కోడలుగారు ఒక గడి పెట్టింది. ఎవరైనా జవాబు ఇవ్వకపోతే, వాళ్ళ పని తీసి ఇంకొకరికి ఇచ్చే ముందు అది ఆగిపోయి నా ఫోన్‌కి మెసేజీ పెట్టి అడుగుతుంది. ఇవ్వమంటారా, ఆగమంటారా అని. ఆపి అడిగే గడి అనేది ఆ అమ్మాయి దాన్ని.

చదవడం రాని దాన్ని. పొద్దుటి నుంచీ ఫోన్ టింగు టింగుమనేది. పంటు మీద నిలబడి అందరినీ బతిమాలేదాన్ని, బాబూ ఇదేంటో చదివి పెట్టవా అని. పంటు మీద టికెట్లు కొట్టే ఆయన నవ్వేవాడు.

"ఏంటండి పిన్నిగారూ, కంపెనీ అంతా మీ ఫోన్లోనే నడుస్తున్నట్టుంది?"

"ఆయ్, నడుస్తోంది. నువ్వు చదువు ముందు."

"ఆగమంటారా అంటోందండి."

"ఆగమను."

"పదిసార్లు అడిగిందండి, పదిసార్లూ ఆగమన్నారు. మీకూ దానికీ ఏం పని లేదేంటండి?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టైంది.

అవతల ఊళ్ళోనే ఉంది ఆ మనిషి. నలభై దాటి ఉంటుంది. మా అయిదు ఊళ్ళలోనూ అతుకు పనికి ఆవిడ తరవాతే ఎవరైనా. గుడ్డని వెలుగుకి ఎత్తి పట్టుకుని చూసినా అతుకు దొరికేది కాదు. మొగుడు ఆటో నడిపేవాడు. ఇంట్లో ఫోన్ ఒక్కటే, అది ఆయన చొక్కా జేబులో ఉండేది. అక్కడ చాలా ఇళ్ళల్లో అంతే, కంపెనీకి ఇచ్చిన నెంబర్లన్నీ మగవాళ్ళవే. ఆయన మెసేజీ చదివి చెప్పి, జవాబు కూడా తనే నొక్కేవాడు.

"చూశారా అత్తా, మా ఆవిడ ఆఫీసరు, నేను గుమస్తాని" అనేవాడు నాతో.

"గుమస్తా గారూ, ముందు ఆటోలో ఆ చేపల వాసన కడగండి. ఆఫీసరు ఎక్కడం లేదు" అనేది ఆవిడ తల ఎత్తకుండానే. సూది మాత్రం ఆగేది కాదు.

పదిహేను రోజులు అయ్యాక కోడలుగారు నన్ను పిలిచింది. తెర మీద రెండు మిషన్ల గళ్ళూ పక్కపక్కనే పెట్టింది. ఒక్కొక్కటే చెప్పింది. అద్దెది ఒక్కరోజు కూడా ఆగలేదు. సొంతది నాలుగుసార్లు పడుకుంది. అద్దెది కొత్త ఊరికి పెట్టాలంటే ఒక పూట పని. సొంతదానికి తనే కూర్చుని రాయాలి, గొంతు కూడా పెట్టాలంటే ఇంకో నెల. అయితే సొంతదాన్లో మనకి కావలసినట్టు ఏదైనా మార్చుకోవచ్చు.

"నేను చూసేది వేరండి, మీరు చూసేది వేరు. ఇళ్ళలో తిరిగేది మీరు. మీరు ఏది అంటే అదే పెడతాను" అంది.

నన్ను ఎవరూ ఎప్పుడూ అలా అడగలేదు. ఆ మాటకే సగం ఉబ్బిపోయాను. పంటు మీద నవ్వులు గుర్తొచ్చాయి. టింగు టింగుమనే ఫోన్ గుర్తొచ్చింది.

"మొదటిదేనండి. మర్యాదగా మాట్లాడుతుందండి. నన్ను విసిగించదండి."

"మరి ఆపి అడిగే గడి ఇందులో కూడా పెట్టమంటారా? పెట్టొచ్చు. అడిగిన ప్రతిసారీ ఆ మిషనువాళ్ళకి కట్టాలి. మీరు పదిసార్లకి పదిసార్లూ ఆగమనే అన్నారు. ఇదీ మూడుసార్లు ఫోన్ చేసేదాకా ఎలాగూ ఆగుతుంది, ఆ తరవాతే పని ఇంకొకరికి ఇస్తుంది. అవసరమంటారా?"

"అక్కర్లేదండి" అన్నాను.

నేను ఆగమన్న ఆ పదిమందిలో ఒకామె పురిటికి పుట్టింటికి వెళ్ళింది, ఒకామెకి చెయ్యి కాలింది, ఒకామె ఫోన్ కొడుకు పట్టుకుపోయాడు. అవన్నీ నాకు తెలుసు కాబట్టి ఆగమన్నాను. నాకు తెలిసినంత మిషనుకి తెలియదన్న సంగతి ఆ నిమిషానికి నాకు తట్టలేదు.

అద్దె మిషను అవతల ఊళ్ళకి కూడా వచ్చింది. మొదటిరోజు దాని గొంతు విని అతుకు పనావిడ సూది ఆపింది. నేను అప్పుడు వాళ్ళ అరుగు మీదే ఉన్నాను.

"చూడు పిన్నీ, ఎవరో తెలియని ఆవిడ నాకు నమస్కారమండి అంటోంది. ఈయన ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి అండి అన్నాడేమో అడుగు."

"నమస్కారమండి" అన్నాడు ఆయన చేతులు జోడించి. "కూర ఏం వండారండి?"

"బెండకాయండి. తినాలంటే ఒకటి నొక్కండి. పస్తుండాలంటే రెండు నొక్కండి."

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. వాళ్ళ నవ్వు నేను వినడం అదే ఆఖరు.

శ్రావణం వెళ్ళాక పెద్ద ఆర్డరు వచ్చింది. బల్లగుడ్డలు, అన్నీ ఒకే కొలత, ఓడకి టైము ఉంది. అతుకు పనిలో సగం ఆవిడ మీదే ఆనింది. మిషను చేతిపనివాళ్ళందరికీ వరస ఇస్తుంది. గడువు తప్పనివాళ్ళు పైన. ఆవిడ అందరికంటే పైన. పెద్ద పనులు ముందు పైవాళ్ళకే వెళతాయి. అలాంటి పనికి ఆఖరి వారమంతా రోజూ ఫోన్ చేస్తుంది. "ఈ ఆర్డరు అయితే పెద్దదాన్ని నర్సింగుకి పంపేస్తాను పిన్నీ" అంది నాతో. నిజంగానే ఆ ఇంటి పొయ్యి ఆవిడ చేతి మీదే వెలిగేది, ఆటో డబ్బులు ఆటోకే సరిపోయేవి.

గడువు ఇంకా వారం ఉందనగా, ఆయన రేవు దగ్గర ఆటోలో కూర్చునే పోయాడు. గుండె పట్టుకుని వాలిపోయాడట. కబురు తెలిసి నేను మొదటి పంటుకే వెళ్ళాను. పెరటి వైపు నుంచి వెళ్ళి గుమ్మం బయట నిలబడ్డాను. వాళ్ళ తోడికోడలు సంచీ తెచ్చి అందించింది. మూడు వంతులు అతికిన గుడ్డ, దారం, సూది కూడా గుచ్చే ఉంది. లోపల ఆవిడ తల ఎత్తి నన్ను చూసింది.

"నీ పేరు కదలదే" అన్నాను.

తల ఆడించింది. ఆ మాట ఆవిడకి అర్థమైంది. అంత దుఃఖంలోనూ అది విన్నదని నాకు తెలుసు, నేనూ అలాగే విన్నాను కాబట్టి.

అప్పుడే మేకుకి తగిలించిన చొక్కా జేబులో ఫోన్ మోగింది. ఎవరో ఏదో చుట్టాల ఫోన్ అనుకుని ఎత్తి పెద్దగా వినిపించేట్టు పెట్టారు. "నమస్కారమండి. మీ లేసు పనికి ఇంకా..." అంది. శవం పక్కన అందరూ బిత్తరపోయారు. ఆవిడ గొల్లుమంది.

"ఆపెయ్యండి ఆ ఫోన్ని. ఎవరైనా ఆపెయ్యండి బాబూ" అని పెరట్లోంచి అరిచింది నేనే.

ఆపేశారు. ఆ ఫోన్ అటక మీద పెట్టేశారు.

సంచీ పట్టుకుని మూడిళ్ళు తిరిగాను. ఎవరినీ బతిమాలలేదు, ఎవరూ ఎందుకని అడగలేదు. వాళ్ళ తోడికోడలు మాత్రం మైలలోనే కదా, ఆమె సూది పట్టలేదు. ఎదురింటామె రెండు వరసలు అతికింది. మూల ఇంటి ముసలమ్మ రెండు. చివరి ఇంటి అప్ప మిగిలింది అతికి, అంచు కట్టింది. గడువుకి ఇంకా ఒకరోజు ఉండగానే గుడ్డ అయిపోయింది. నేను దాన్ని తడిపి, ఆరేసి, మడిచి కంపెనీకి పట్టుకెళ్ళాను. లోపల తృప్తిగా కూడా ఉంది. మన పద్ధతి మనకి ఉంది, మిషను ఎన్ని వచ్చినా, అనుకుంటూ వెళ్ళాను.

గుడ్డలు తీసుకునే చోట అమ్మాయి ఒకతె తెర చూసి, "ఈ గుడ్డ మూసేసి ఉందండి" అంది.

"మూసేయడం ఏంటమ్మా?"

"మూడుసార్లు ఫోన్ ఎత్తలేదండి. నాలుగో రోజు మిషను ఆవిడ పేరు తీసేసి పని వేరేవాళ్ళకి ఇచ్చేసింది. ఇదిగో, అదే కొలతది వేరే ఊళ్ళో మొదలుపెట్టేశారు కూడానండి. ఇది తీసుకోవడానికి గడి లేదండి."

కోడలుగారి దగ్గరికి వెళ్ళాను. ఆ రోజు శుక్రవారమో కాదో నేను చూడలేదు. ఆవిడ మొగుడు పోయాడండి, అన్నాను. పెరటి గుమ్మం, పసుపునీళ్ళు, ఇరుగుపొరుగు, పన్నెండో రోజు, అంతా చెప్పాను. ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది.

"ఇన్నేళ్ళుగా ఇలాగే చేస్తున్నారాండి?"

"మా ముసలావిడ నాటి నుంచేనండి."

"మరి ఆ రోజు అడిగాను కదండి. ఇంకేమైనా ఉందా అని. ఏడాదికొకసారి చేసేదైనా చెప్పమన్నాను కదండి."

"శుభమా అని కొబ్బరికాయ కొట్టిన చోట ఎలా చెప్పనండి?"

ఆ అమ్మాయి మళ్ళీ కుర్చీ లాక్కుంది. తిట్టినా బాగుండేది. తెర ముందు చాలాసేపు కూర్చుని ఏవేవో నొక్కింది. చివరికి నా వైపు తిరిగి చెప్పింది. పేరు తీసేసినవాళ్ళని మళ్ళీ కలపచ్చు, కానీ కొత్తమనిషిగానే వస్తారు, వరసలో అట్టడుగున. ముందు పువ్వులు అల్లాలి. ఆర్నెల్లు గడువు తప్పకుండా ఇస్తే అప్పుడు అతుకు పనికి పైకి వస్తారు. ఆవిడ వాటా అతుకు పని అంతా ఈపాటికి వేరే ఊళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోయింది, వాళ్ళకి దారం కూడా పార్శిల్లో చేరింది. వెనక్కి లాగితే ఓడ తప్పుతుంది.

"ఆవిడ లాంటి అతుకు ఎవరూ వెయ్యలేరండి. మీకు తెలుసు."

"నాకు తెలుసండి పిన్నిగారూ. దానికి తెలియదు."

"అప్పుడు ఆ రెండో మిషనే పెట్టి ఉంటే?"

ఆ అమ్మాయి తల దించుకుంది. "అదైతే మిమ్మల్ని అడిగేదండి" అంది.

ఆపి అడిగే గడి ఇప్పుడైనా పెట్టండి అన్నాను. పెడతానండి, ఈ సీజను పోనివ్వండి, మధ్యలో కదిపితే అన్నీ ఆగిపోతాయి అంది. సీజను పోయింది. తరవాత ఇంకో సీజను వచ్చింది.

పెద్దకర్మ మర్నాడు, అంటే పన్నెండో రోజున, నేను పంటు ఎక్కాను. ఒళ్ళో సంచీ ఉంది. అందులో దారం లేదు, తిప్పి ఇచ్చేసిన గుడ్డ ఉంది. టికెట్లాయన "ఇవాళ ఫోన్ మోగడం లేదేంటండి?" అన్నాడు. నేను టికెట్టు డబ్బులు అందించాను.

ఆవిడ అరుగు కడిగి, చాప పరుచుకుని, తలస్నానం చేసిన జుట్టు ముడేసుకుని కూర్చుంది. పక్కన ఇంకో సూది పెట్టుకుంది. పన్నెండో రోజు కదా. నేను వస్తానని తెలుసు.

"దారం తెచ్చావా పిన్నీ?"

నేను గుడ్డ తీసి ఇచ్చాను. ముందు అర్థం కాలేదు. ఒళ్ళో పరుచుకుని వేళ్ళతో తడిమింది. అతుకులు మాకు కంటికి దొరక్కపోయినా ఆవిడ వేళ్ళకి దొరుకుతాయి.

"ఇక్కడి దాకా నేను. ఇది ఎదురింటి వదిన, చెయ్యి కాస్త బిగువు. ఇది ముసలమ్మ. అంచు అప్ప కట్టింది, బాగా కట్టింది." అప్పుడు తల ఎత్తింది. "బాగానే ఉంది కదా పిన్నీ. ఎందుకు తిప్పి పంపారు?"

చెప్పాను. శుక్రవారం నేను దాచిన మాట, నేను ఎంచిన మిషను, అక్కర్లేదన్న గడి, ఆపెయ్యమని అరిచిన ఫోను. ఒక్కటీ వదలకుండా చెప్పాను. కోడలుగారికి ఆ రోజు చెప్పాల్సినట్టు చెప్పాను.

ఆవిడ గుడ్డ అంచు సర్దింది. "పేరు కదలదన్నావు" అంది. అంతే. అది నిష్ఠూరం కూడా కాదు. గుర్తు చేసుకుంటున్నట్టు అంది. గుడ్డ మడిచి నా చేతిలో పెట్టింది. "నువ్వే ఉంచు పిన్నీ. ఇంట్లో ఉంటే పిల్లలు అడుగుతారు."

పువ్వులు అల్లడానికి ఒప్పుకోలేదు. పొగరని కొందరన్నారు. పొగరు కాదు, ఆర్నెల్లు ఆగే పొయ్యి కాదు అది. రొయ్యల షెడ్డుకి వెళుతోంది. తెల్లారి వ్యాను వస్తుంది, ఐసులో చేతులు పెట్టి తలలు తుంచాలి. పెద్దదాన్ని నర్సింగుకి పంపలేదు, అదీ ఆ వ్యానే ఎక్కుతోంది.

దారం ఇప్పుడు అన్ని ఊళ్ళకీ పార్శిల్లో వెళుతోంది. నన్ను ఇంకా తీసెయ్యలేదు. తీసెయ్యాలంటే ఏదో ఒక గడిలో నా పేరుండాలి కదా, ఏ గడిలోనూ లేదు. అప్పుడప్పుడు చిక్కుపడ్డ దారం విప్పడానికి పిలుస్తారు. ఈమధ్య మా ఊళ్ళోనే ఒకరింట్లో చావు జరిగితే అలవాటుగా పెరటి గుమ్మం దాకా వెళ్ళాను. సంచీ అందించారు. నోటి చివర ఆ మాట ఉంది. అనకుండా వచ్చేశాను.

మొన్న పంటు మీద అతుకు పనావిడ కనబడింది. షెడ్డుకి సెలవట. చేతులు కొంగు కింద పెట్టుకుంది. నేనే లాగి చూశాను. వేళ్ళు నానిపోయి, తెల్లగా ఉబ్బి, గోళ్ళ పక్కన చీలికలు పడి ఉన్నాయి.

"సూది పడుతున్నావా అసలు?"

"ఒకరోజు పట్టాను పిన్నీ. దారం తెలియడం లేదు."

తెలియడం లేదంటే వేళ్ళకి తెలియడం లేదని. వేళ్ళకి దారం తెలియకపోతే అతుకు పడదు. అది నేర్పితే రాదు, పోతే తిరిగిరాదు. నాకు ఆ సంగతి తెలుసు, ఆవిడకీ తెలుసు. ఇద్దరం అవతలి గట్టు వచ్చేదాకా నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాం.

గట్టు దగ్గర ఎవరో ఆడమనిషి ఫోన్ మోగింది. "నమస్కారమండి" అంది ఆ గొంతు. ఆమె నవ్వుకుంటూ ఒకటి నొక్కింది. నా పక్కనావిడ తన చేతులు మళ్ళీ కొంగు కిందికి తీసుకుని, నాకంటే ముందు దిగిపోయింది.